జలసాహస యాత్రకు జలగండం

ఆ ఏడాదిని ప్రభుత్వం వారు జలసాహస సంవత్సరంగా ప్రకటించారు. మా ఉప్పులంక వాళ్ళకి ఆ సంగతి బస్టాండు ఎదుట పెట్టిన హోర్డింగు చూసి తెలిసింది. దాని మీద ఒక అమ్మాయి సన్నటి కయాక్ పడవలో కూర్చుని, రెండు కొసలా రేకులున్న తెడ్డు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. వెనకాల మంచుకొండలు. మా వైపు మంచుకొండలు లేవు. గోదారి సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి, వాటి మధ్య మెలికలు తిరిగే ఉప్పునీటి పాయలున్నాయి, బురదా పీతలూ కొంగలూ ఉన్నాయి. అయినా బొమ్మ బాగుందనే అందరూ అన్నారు. కింద 'రండి, తడవండి, తరించండి' అని పెద్దక్షరాలతో రాసి ఉంది.

మా ఆవిడ సుభాషిణి నా స్కూటరు వెనక కూర్చుని దాన్ని చూసింది.

"ఏవండీ, ఒక్కసారి ఆపండి," అంది.

ఆపాను. తలెత్తి చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల తెడ్డు తిరగేసి పట్టుకుంది," అంది.

ఆవిడకి ఆ విషయం తెలుస్తుంది. పెళ్ళికి ముందు సుభాషిణి యూనివర్సిటీ కయాక్ జట్టులో ఉండేది. నలుగురు ఆడపిల్లలు ఒకే పొడుగు పడవలో ముందూ వెనకా కూర్చుని తెడ్డేసేవారట. ఆవిడా, మేరీ ప్రభావతీ, నూర్జహానూ, కామాక్షీ. ఎక్కడో చెరువులో పోటీ పెడితే మగపిల్లల పడవని కూడా దాటేశారని మా పెళ్ళైన కొత్తలో చెప్పింది. తరవాత నలుగురూ నాలుగు ఊళ్ళలో సంసారాల్లో పడి, తెడ్లు వదిలేసి అట్లకాడలు పట్టుకున్నారు. చుట్టూ ఇన్ని పాయలున్న ఊరికి కాపురానికొచ్చి కూడా సుభాషిణి ఇన్నేళ్ళలో ఒక్కసారీ వాటిలోకి వెళ్ళలేదు. నేనూ తీసుకెళ్ళలేదు. నేను జిల్లా గ్రంథాలయంలో గుమస్తాని. నాకు నీళ్ళంటే చేద బావిలో ఉండేవే.

ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. వారం తిరిగేలోగా మా వంటింటి బల్ల మీద మడ అడవుల పటం పరుచుకుంది. దాని నాలుగు మూలలా నాలుగు పచ్చడి జాడీలు. మూడు రోజుల యాత్ర. ఉప్పులంక రేవులో బయల్దేరి, పెద్దపాయలో పడి, మడచెట్ల మధ్యగా తూర్పుకి వెళ్ళి, మొదటి రాత్రి ఇసుక దిబ్బ మీద గుడారాలు. రెండో రోజు పాయ సముద్రంలో కలిసే మొగ దాకా. మూడో రోజు పోటుతో పాటే వెనక్కి. పోటంటే సముద్రం నీళ్ళు పాయల్లోకి ఎక్కడం, పాటంటే దిగిపోవడం. ఆ రెంటినీ చూసుకుని నడిస్తే సగం తెడ్డు సముద్రమే వేస్తుందని సుభాషిణి నాకు చెప్పింది. తాగే నీళ్ళు మాత్రం ఎవరికి వాళ్ళు మోసుకోవాలి, లోపల చుక్క మంచినీరు దొరకదు. అటుకులు, వేరుశనగలు, కామాక్షి చేసే నిలవ పులిహోర, నూర్జహాన్ తెచ్చే ఎండురొయ్యల పొడి. దోమతెరలు. పీతలు కొరక్కుండా మందపాటి చెప్పులు.

మేరీ ప్రభావతి నర్సుగా చేసి మానేసింది. మానేయడానికి కారణం ఆమె కళ్ళు. చూపు అంచుల నించి మెల్లిగా మూసుకుపోతోందట. మందు లేదన్నారు.

"నా కళ్ళు కూడా సర్కారు ఉద్యోగులే అన్నయ్యగారూ, రిటైర్మెంటు ఆర్డరు వచ్చేసింది," అని నాతో ఫోనులో నవ్వుతూ అంది. "అవి దిగిపోయేలోగా శీతాకాలం పక్షుల్ని ఒకసారి దగ్గర్నించి చూస్తాను. వచ్చే ఏడాదంటే చూడ్డానికి కొంగలుంటాయి గానీ నాకు చూపుండదు."

అందుకని యాత్ర ఈ శీతాకాలమే జరగాలని నలుగురూ తీర్మానించారు. అనుమతి తెచ్చే పని నాకు అప్పగించారు.

మడ అడవుల్లోకి వెళ్ళాలంటే తడినేలల సాహస విహార ప్రాధికార సంస్థ వారు ఒప్పుకోవాలి. ఆ పేరంతా పలికేసరికి ఆయాసం వస్తుంది గనక ఊళ్ళో అందరూ 'ప్రాధికారం' అంటారు. దాని డైరెక్టరు పరాంకుశం గారు. బట్టతల, నిండైన విగ్రహం, మాట్లాడితే శిలాశాసనం చదివినట్టుంటుంది. నేను సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"సోమలింగం గారూ! ఇది చారిత్రాత్మక సందర్భమండీ. జలసాహస సంవత్సరం ప్రకటించిన నాటినుంచీ మా సంస్థ అత్యంత ఆతృతతో ఎదురుచూస్తున్నది ఇటువంటి ఔత్సాహికుల కొరకే. పైగా మహిళలు! పైగా మధ్యవయస్కులు! మీ శ్రీమతి గారి యాత్రను మా సంస్థ ప్రప్రథమ అధికారిక జలసాహస యాత్రగా స్వీకరిస్తున్నాను."

నాకు గుండె నిండిపోయింది. ఆయన వెనక అద్దాల బీరువాలో వరసగా వెండి షీల్డులు మెరుస్తున్నాయి. అన్నిటి మీదా 'శూన్య ప్రమాద పురస్కారం' అని చెక్కి ఉంది.

"ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదమూ జరగలేదాండీ?" అన్నాను ఆశ్చర్యంగా.

"ఒక్కటి కూడా!" అన్నారాయన. "దాని రహస్యం చెప్పమంటారా? ఇంతవరకూ మేము ఎవ్వరినీ నీటిలోకి వెళ్ళనివ్వలేదు."

అని, భద్రతాధికారి జగ్గప్పారావు గారిని పిలిపించారు. జగ్గప్పారావు గారు సన్నగా ఉంటారు. లోపలికొచ్చేముందు ఎప్పుడూ గుమ్మం పైకి చూసి, అది మీద పడదని నిశ్చయించుకుని అప్పుడు అడుగు పెడతారు.

"యాత్ర జరగవలెను, పురస్కారం పోరాదు," అని డైరెక్టరు గారు ఆయనకి ఆదేశించారు. "ఈ ద్వివిధ లక్ష్యముల సాధనకై తగు చర్యలు గైకొనండి."

మొదటి సమావేశానికి నన్ను కూడా పిలిచారు. ప్రతి కయాక్ వెనకా ఒక రక్షణ పడవ ఉండాలన్నారు జగ్గప్పారావు గారు. సబబే అనుకున్నాను.

"అయితే," అన్నారాయన, "ఆ రక్షణ పడవలో ఉండేవారు కూడా మానవమాత్రులే కదా? వారు మునిగితే?"

అందుకని ఒక్కో రక్షణ పడవకీ వెనక ఇంకో రక్షణ పడవ. దాని వెనక ఇంకోటి. మధ్యాహ్నం భోజనాల వేళకి జిల్లాలో ఉన్న పడవలన్నీ అయిపోయాయి, చివరి పడవ మాత్రం ఎప్పటికీ దిక్కులేనిదిగానే మిగిలిపోతోంది. పైగా అన్ని పడవలు పాయలోకి దిగితే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు జగ్గప్పారావు గారు మెల్లిగా గొంతు సవరించుకున్నారు.

"అసలు మూలకారణం జోలికి మనం పోలేదండి. నేను గత ముప్పయ్యేళ్ళలో ఈ ప్రాంతంలో జరిగిన జలప్రమాదాలన్నిటినీ కూలంకషంగా అధ్యయనం చేశాను. మునిగినవారు వేరు, పడవలు వేరు, ఋతువులు వేరు. కానీ ప్రతి సంఘటనలోనూ ఒకే ఒక్కటి సమానంగా కనిపించింది."

అందరూ ముందుకి వంగారు.

"ఏమిటది?" అన్నారు పరాంకుశం గారు.

"నీరండి."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు వాటిలో తడి ఉంది. "ఇన్నాళ్ళూ మన కళ్ళెదుటే ఉందయ్యా!" అన్నారు.

అక్కడి నించి పని చకచకా సాగింది. ముందు, మోకాలి లోతుకి మించిన నీటిలో యాత్ర కూడదన్నారు. తరవాతి వారం, మనిషి బోర్లా పడితే మోకాలి లోతూ ప్రాణాంతకమే గనక చీలమండ లోతన్నారు. మూడోసారి నేను వెళ్ళేసరికి, యాత్ర తేదీని పాటు పూర్తిగా దిగి, పాయలో నీరే ఉండని వేళకి ఖాయం చేశారు.

"నీళ్ళు లేకపోతే పడవ ఎలా కదుల్తుందండీ?" అన్నాను.

"కదలదు. అదే మన విజయం," అన్నారు జగ్గప్పారావు గారు. "కదలని పడవ మునిగిన దాఖలా చరిత్రలో లేదు."

ఇంటికొచ్చి చెప్పాను. సుభాషిణి పటం మీద వంగి ఉంది. తలెత్తలేదు.

"మార్చిలో వెళ్ళమంటారా ఏమిటి చివరికి?" అంది.

"తేదీ ఇంకా వెనక్కి జరిగింది."

"మేరీ నిన్న గుమ్మం తగిలి పడింది," అంది. అంతే. పటం మీద వేలు పెట్టి పాయ వెంబడి మెల్లిగా జరుపుతూ కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అడిగిందే తక్కువ. ఆ ఒక్క కోరికనీ ఓ సంస్థ చేతిలో పెట్టి నేనే నీళ్ళు వదిలించానా అనిపించింది.

మర్నాడు కోపంగానే వెళ్ళాను. "ఇలా అయితే యాత్రే వద్దండీ," అన్నాను.

పరాంకుశం గారు కంగారుపడిపోయారు. జలసాహస సంవత్సరం అయిపోవస్తోంది. జిల్లాలో ఒక్క యాత్రా జరగకపోతే పైవాళ్ళకి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని అప్పటికప్పుడు తేదీ ముందుకి లాగారు. ఆ వారంలోనే, ముఖ్య అతిథి చేతుల మీదుగా ప్రారంభం. అయితే నీరు దిగిన పాయలో మిగిలేది బురద, బురదలో కాలు కూరుకుపోతుంది, పీత కరుస్తుంది. కాబట్టి బురద కూడా రద్దు. నాలుగు కయాక్‌లనూ నాలుగు ట్రాక్టరు ట్రాలీల మీద కట్టి, యాత్రికుల్ని వాటిలో కూర్చోబెట్టి, మడ అడవి అంచున ఉన్న గట్టు రోడ్డు మీదుగా మూడు రోజులు ఊరేగిస్తారు.

"వాళ్ళు తెడ్డెక్కడ వెయ్యాలండీ?"

"గాలిలో," అన్నారు జగ్గప్పారావు గారు. "వ్యాయామం యథాతథం. ప్రమాదం శూన్యం."

గుడారాలు పాముల బాధ లేకుండా ఊరి కల్యాణ మండపం లోపల వేస్తారు. నెగడు వేస్తే నిప్పు ప్రమాదం, దాని బదులు ఎర్ర గాజుకాగితం చుట్టిన బల్బు. పక్షులు బెదిరి ఎగిరిపోయే అవకాశం ఉంది గనక రోడ్డు పక్కన పక్షుల ఫ్లెక్సీలు కడతారు.

"సహజ ప్రమాణం కంటే నాలుగింతలు పెద్దవి వేయిస్తున్నాం," అన్నారు డైరెక్టరు గారు. "మీ బృందంలో ఒకరికి దృష్టిలోపం ఉందన్నారు కదా. ఈ ఏర్పాటు ప్రత్యేకించి ఆమె కొరకు." ఆ మాట ఆయన నిజంగా ఆప్యాయంగానే అన్నారు.

"మరి సహజంగా ఏదీ మిగల్లేదా?"

"దోమలను అలాగే ఉంచాం," అన్నారు జగ్గప్పారావు గారు. "వాటి విషయంలో మాకు వేరే మార్గం దొరకలేదు."

ఇదంతా ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక వీధి చివర స్కూటరు మీద కాసేపు కూర్చుండిపోయాను. వెళ్ళేసరికి మిగతా ముగ్గురూ కూడా దిగి ఉన్నారు. చెప్పాను. నూర్జహాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కామాక్షి టీచరు గనక నవ్వలేదు, "సిగ్గులేదూ వీళ్ళకి!" అంది. మేరీ మాత్రం నా గొంతు వచ్చిన వైపుకి మొహం తిప్పి అడిగింది.

"ఆ ట్రాక్టరు ఎక్కడెక్కడ ఆగుతుంది అన్నయ్యగారూ?"

"మొదట రేవు దగ్గర. అక్కడ ముఖ్య అతిథి ప్రసంగం, తరవాత జలస్పర్శ. అంటే రాగిచెంబులో నీళ్ళు తెచ్చి మీ చేత వేలు ముంచిస్తారు."

నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఒప్పుకున్నామని చెప్పండి," అంది సుభాషిణి.

పాపం, ఆశ వదులుకుంది అనుకున్నాను. ఆ రాత్రి మంచినీళ్ళ డబ్బాలూ అటుకులూ దోమతెరలూ సంచుల్లో సర్దుతుంటే, అంత బాధలోనూ అలవాటు మానలేదు చూడు అనుకుని జాలిపడ్డాను కూడా.

యాత్ర రోజు పొద్దున్నే గట్టు రోడ్డు మీద పందిరి వేశారు. బ్యాండు మేళం వచ్చింది. నాలుగు ట్రాలీల మీద నాలుగు పసుపుపచ్చ కయాక్‌లు, వాటిలో నలుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి మీదా రెండేసి లైఫ్ జాకెట్లు, తలలకి హెల్మెట్లు. ట్రాలీ మీంచి పడితే ఎలా అని నడుములకి తాళ్ళు కట్టారు. నన్ను కుటుంబ ప్రతినిధి అని రాసిన బ్యాడ్జీతో వెనక జీపులో కూర్చోబెట్టారు. రోడ్డు పొడుగునా ఏనుగంత గూడబాతులూ, గేదెంత లకుముకి పిట్టలూ ఫ్లెక్సీల మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. వాటి వెనక కొమ్మల మీద నిజం కొంగలు తెల్లగా కూర్చుని ఉన్నాయి గానీ ఫ్లెక్సీలు అడ్డమొచ్చి కనపడటం లేదు.

రేవు దగ్గర ట్రాక్టర్లు ఆగాయి. పాయ ఎండి నల్లటి బురద మెరుస్తోంది. జగ్గప్పారావు గారు అంచు దాకా వెళ్ళి చూసి, నీరు లేదని తృప్తిగా చెయ్యూపారు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. వచ్చి, మైకు పట్టుకుని, నీరు పంచభూతాల్లో ఒకటని మొదలుపెట్టారు. మిగతా నాలుగు భూతాల గురించి కూడా విడివిడిగా చెప్పారు. తరవాత పరాంకుశం గారు లేచారు. "నీటితో మమేకమవడమే ఈ యాత్ర పరమార్థం," అన్నారు. సంస్థ ఆవిర్భావం, లక్ష్యాలు, సాధించిన షీల్డులు, సాధించబోయే షీల్డులు ఏకరువు పెట్టారు. ఆయన తరవాత జగ్గప్పారావు గారు జాగ్రత్తలు చదవడం మొదలెట్టారు. ఎండ నడినెత్తికొచ్చింది. బ్యాండువాళ్ళు పందిరి గుంజలకి ఆనుకుని నిద్రపోయారు.

ఎవరూ పాయ వైపు చూడలేదు. నేను చూశాను, పని లేక. ముందు బురద మీద ఓ సన్నటి తళుకు పాకింది. కాసేపటికి పీతలు బొరియల్లోకి పరుగెత్తాయి. తరవాత, మడచెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి మేకుల్లా నిలబడి ఉంటాయే, అవి ఒక్కొక్కటే మాయమవడం మొదలెట్టాయి. చప్పుడు లేకుండా పోటు ఎక్కుతోంది. జగ్గప్పారావు గారు అరటితొక్కల వల్ల కలిగే ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి పాయ నిండుగా, పచ్చగా, గట్టు అంచు దాకా వచ్చి నిలబడింది.

సుభాషిణి నడుముకున్న తాడు విప్పుకుంది. పక్కన చేపల వలలు ఆరేసుకుంటున్న ఆడవాళ్ళతో ఏదో అంది. వాళ్ళు నవ్వుతూ వచ్చి చేతులు వేశారు. ఒక్కో కయాకూ ట్రాలీ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నీళ్ళలోకి జారింది. మేరీని చెయ్యి పట్టుకుని కామాక్షి దించింది. అన్ని సంచులూ ఎక్కేశాయి. హెల్మెట్లు మాత్రం ట్రాలీలోనే ఉండిపోయాయి.

మొదట చూసింది ముఖ్య అతిథి. "వాళ్ళు వెళ్ళిపోతున్నారేమిటండీ?" అన్నారు.

జగ్గప్పారావు గారు వెనక్కి తిరిగారు. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయి గావుకేక పెట్టారు. "నీళ్ళలోకి! జలసాహస యాత్రికులు నీళ్ళలోకి దిగిపోయారండోయ్!"

బ్యాండువాళ్ళు ఉలిక్కిపడి లేచి, అదే ప్రారంభం అనుకుని వాయించడం మొదలుపెట్టారు.

"అమ్మా! వెనక్కి రండి! అక్కడ నీరుంది!" అని పరాంకుశం గారు గట్టు వెంబడి పరుగెత్తారు.

సుభాషిణి తెడ్డు ఆపి ఒక్కసారి వెనక్కి చూసింది. డైరెక్టరు గారి వైపు కాదు. నా వైపు. ఆ మొహం నేను మా పెళ్ళి ఫోటోలో కూడా చూడలేదు. చెయ్యూపింది. నేను కుటుంబ ప్రతినిధిని గనక నేనూ ఊపాను. నలుగురూ తెడ్లు ఒక్కసారే ముంచారు, ఒక్కసారే లేపారు. పాయ మలుపు తిరిగి మడచెట్ల వెనక్కి వెళ్ళిపోయారు.

వెంటపడి పట్టుకోవడానికి పడవ లేదు. నీటి మీద ఉంటే ప్రమాదమని సంస్థ పడవలన్నీ గోదాములో పెట్టి తాళం వేశారు.

పరాంకుశం గారు కూలబడిపోయారు. కానీ ప్రాధికారం అంత తేలిగ్గా లొంగే సంస్థ కాదు. యాత్ర మూడు రోజులూ రోడ్డు మీద జరుగుతుందని కార్యక్రమం ఆమోదం పొంది ఉంది. బ్యాండు మోగగానే ముఖ్య అతిథి జెండా కూడా ఊపేశారు. యాత్రికులు లేరని యాత్ర ఆపడానికి నిబంధన లేదు. గోదాము నించి ఇంకో నాలుగు కయాక్‌లు తెప్పించి ట్రాలీల మీద కట్టారు. వాటిలో జగ్గప్పారావు గారూ, ఇద్దరు గుమస్తాలూ, టైపిస్టూ కూర్చున్నారు. కుటుంబ ప్రతినిధి ఉండి తీరాలి గనక నన్ను వదల్లేదు.

మూడు రోజులు తిరిగాం. ఊరూరా జనం గట్టు మీద నిలబడి, ట్రాక్టరు మీద గాలిలో తెడ్డేసే పెద్దమనుషుల్ని చూసి దండాలు పెట్టారు. ఒక చోట మొక్కు తీర్చుకుంటున్నారనుకుని కొబ్బరికాయ కూడా కొట్టారు. రాత్రిళ్ళు కల్యాణ మండపంలో గుడారాలు వేసుకుని, ఎర్ర బల్బు చుట్టూ కూర్చుని దోమలు తోలుకున్నాం. జగ్గప్పారావు గారికి గాలిలో తెడ్డేసి భుజం పట్టేసింది.

వాళ్ళంతా నిద్రపోయాక నాకు నిద్ర పట్టేది కాదు. మేరీకి సందెవేళ అయితే ఏమీ కనపడదు. ఎండురొయ్యల పొడితో మూడు రోజులెలా? సముద్రం మొగ దగ్గర అలలెలా ఉన్నాయో? ఇంట్లో ఆవిడ పక్క గదిలో ఉంటేనే ఏం చేస్తోందో నాకెప్పుడూ పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కో గంటా ఆవిడ ఎక్కడుందో అని లెక్క వేసుకుంటున్నాను.

మూడో రోజు సాయంత్రం వచ్చారు. నేను రేవులోనే ఉన్నాను. ముందు మాటలు వినిపించాయి, తరవాత నవ్వులు, తరవాత పసుపుపచ్చ ముక్కులు కనిపించాయి. నలుగురి మొహాలూ ఎండకి కమిలి మాడిన అట్లలా ఉన్నాయి. కామాక్షి చెప్పు ఒకటి బురద మింగేసిందట. నూర్జహాన్ చేతినిండా బొబ్బలు.

మేరీని నేనే చెయ్యందించి గట్టెక్కించాను.

"చూశారా మేరీ గారూ?"

"నా పక్కనించే పోయింది అన్నయ్యగారూ ఒక గూడబాతు, రెక్క గాలి చెంపకి తగిలేంత దగ్గరగా," అంది. "దాని ముక్కు కింద సంచీలో చేప కొట్టుకుంటుంటే కూడా చూశాను. ఒక్కటే చూసినా చాలనుకుని వెళ్ళాను. గుంపంతా దిగింది." నా చెయ్యి గట్టిగా నొక్కింది.

సుభాషిణి ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేచాక నాకు ఒక్కో మలుపూ పటం మీద చూపిస్తూ చెప్పింది. ఈసారి నేను చివరిదాకా విన్నాను.

రెండు రోజుల తరవాత పరాంకుశం గారు మా ఇంటికొచ్చారు. జీపు లేదు, బంట్రోతు లేడు. నడిచే వచ్చినట్టున్నారు, చెప్పుల నిండా దుమ్ము. కూర్చుని, జేబులోంచి నోటీసు తీసి సుభాషిణికిచ్చారు. అధికారిక జలసాహస యాత్ర జరుగుచున్న సమయమున సంస్థ అనుమతి లేకుండా జలమునందు ఉన్నందులకు సంజాయిషీ కోరడమైనదని ఉంది అందులో. ఆవిడ చదివి, మడిచి, కాఫీ తెచ్చిచ్చింది.

ఆయన కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టారు. లేవలేదు.

"అమ్మా," అన్నారు. గొంతులో శిలాశాసనం లేదు. "నేను ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ ఆ అడవి గురించి సంతకాలు పెడుతున్నాను. లోపల... ఎలా ఉంటుందమ్మా?"

సుభాషిణి చెప్పబోయి, నా వైపు చూసి ఆగింది.

"చెప్తే తెలియదండీ. రేపు పొద్దున్నే పోటుంది. రండి," అంది.

వస్తారని నేననుకోలేదు. తెల్లవారేసరికి రేవులో నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లతో. బూట్లు విప్పమంది సుభాషిణి. విప్పి, పంట్లాం పైకి మడిచి, అటూ ఇటూ చూసి బురదలో ఒక పాదం పెట్టారు. మడమ దాకా దిగిపోయింది. కేక వేస్తారనుకున్నాను.

"వెచ్చగా ఉందే!" అన్నారు.

యాత్ర నించి రేవులోనే ఉండిపోయిన కయాకుల్లో ఇద్దరు పట్టేదానిలో ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఆవిడ వెనక కూర్చుంది. మొదట ఆయన తెడ్డుతో నీళ్ళని కొట్టారు. తరవాత ఆవిడ చెప్పినట్టు మెల్లిగా ముంచారు. పడవ మలుపు దాకా వంకరటింకరగా పోయి చెట్ల వెనక మాయమైంది. కాసేపటికి లోపల్నించి పరాంకుశం గారి గొంతు, చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. "అమ్మా, అటు చూడండి, అటు! నీటికుక్కలు! పిల్లల్తో సహా!"

నేను ఆయన బూట్లు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ఎండెక్కింది. వాళ్ళు రాలేదు. పదవుతుండగా ప్రాధికారం జీపు రొప్పుతూ వచ్చి ఆగింది. డ్రైవరు దూకి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"డైరెక్టరు గారు ఇటేమైనా వచ్చారాండీ? జలసాహస సమీక్షా సమావేశానికి అందరూ వచ్చి కూర్చున్నారు. సారు ఇంట్లో లేరు, ఆఫీసులో లేరు."

"నీళ్ళలో ఉన్నారు," అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూసి, జీపెక్కుతూ అన్నాడు. "పొద్దున్నే వేళాకోళాలేంటి బాబూ, మా సారు అలాంటివారు కాదు."